1600 డిగ్రీల్లో సోడియం ఆగాలంటే

మొదటి పెల్లెట్‌ను, అంటే పొడిని నొక్కి చేసిన సిరామిక్ బిళ్లను, ఫర్నేస్‌లోంచి తీసినప్పుడు అది ఎండలో పడేసిన విస్తరాకులా అంచులు పైకి లేచి ఉంది. ముందు రోజు లోపల పెట్టినప్పుడు నాణెంలా గుండ్రంగా, బల్లపరుపుగా ఉండేది. చేతిలోకి తీసుకుని బొటనవేలితో కొంచెం నొక్కానో లేదో, టిక్కుమని రెండు ముక్కలైంది. విరిగిన చోట ఒక పక్క నునుపుగా ఉంది, ఇంకో పక్క సున్నం గోడలా పొడి పొడిగా రాలింది. ఆ రెండు పక్కలకీ తేడా ఎందుకొచ్చిందో అర్థం కావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఈ అనుభవంలో సగానికి పైగా ఆ నాలుగు నెలల గురించే.

నేను గూడూరులో సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా చేసి, తర్వాత బీటెక్ చదివి, తిరుపతిలో ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. పని సోడియం నికెల్ క్లోరైడ్ బ్యాటరీకి కావాల్సిన సిరామిక్ ఎలక్ట్రోలైట్ తయారు చేయడం. బ్యాటరీలో రెండు పక్కల్నీ వేరు చేస్తూ, సోడియం అయాన్లను మాత్రమే దాటనిచ్చే గోడ అది. బ్యాటరీ అనగానే నాకు మొదట్లో భయమేసింది, ఎలక్ట్రోకెమిస్ట్రీ నాకు రాదు కదా అని. కానీ మా సార్ చెప్పింది వేరు. "కెమిస్ట్రీ నేను చూసుకుంటాను. ఆ గోడ సరిగ్గా కాలితే చాలు, బ్యాటరీ ముప్పాతిక భాగం అయిపోయినట్టే. కాల్చేవాళ్లు కావాలి, అందుకే నిన్ను తీసుకున్నాం" అన్నారు.

మా మేనమామ కరకంబాడి వైపు ఒక బ్యాటరీ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా చేస్తున్నాడు. లెడ్ యాసిడ్ బ్యాటరీలు. ఒక ఆదివారం భోజనాల దగ్గర నా పని గురించి చెప్పాను.

"మూడొందల డిగ్రీలా? అది బ్యాటరీనా పాపా, పొయ్యా?" అన్నాడు.

"లోపల సోడియం కరిగి ఉండాల మామా. లేకపోతే పని చెయ్యదు."

"యాసిడ్?"

"లేదు."

"సీసం కూడా లేదా?"

"లేదు. ఉప్పు, నికెల్, మధ్యలో ఒక సిరామిక్ గోడ. అంతే."

ఆయన కాసేపు అన్నం కలుపుకుంటూ ఉండిపోయి, "గోడ పగిలితే?" అన్నాడు. ఇరవై ఏళ్లు బ్యాటరీలతో గడిపినవాడికే తట్టే ప్రశ్న అది. నేను అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

వేడి సోడియం బ్యాటరీల్లో రెండు రకాలున్నాయి. మొదటిది సోడియం సల్ఫర్. 1960ల్లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ పరిశోధకులు దీన్ని ముందుకు తెచ్చారు, తర్వాత జపాన్ వాళ్లు పెద్ద ఎత్తున తయారు చేసి గ్రిడ్‌కి పెట్టారు. సోడియం 98 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గంధకం 115 దగ్గర. సెల్ మాత్రం 300 నుంచి 350 మధ్య నడుస్తుంది, ఎందుకంటే డిశ్చార్జ్‌లో పుట్టే సోడియం పాలీసల్ఫైడ్‌లు కరిగి ఉండాలి, గోడలోంచి సోడియం అయాన్లు సులువుగా నడవాలి. ఇందులో గోడ పగిలితే కరిగిన సోడియం, కరిగిన గంధకం నేరుగా కలుస్తాయి. అప్పుడు పుట్టే వేడి మామూలుది కాదు. 2011 సెప్టెంబరులో జపాన్‌లోని త్సుకుబాలో ఇలాంటి బ్యాటరీలు అంటుకున్నాయి.

రెండోది మేం ఎంచుకున్నది. 1970ల చివర్లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో, అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌లో యోహాన్ కూట్సియర్ బృందం మొదలుపెట్టింది. మన సీఎస్‌ఐఆర్ కాదు, వాళ్లదీ అదే పేరు. జీయొలైట్ బ్యాటరీ రీసెర్చ్ ఆఫ్రికా అన్న మాటల్లోంచి దీనికి జీబ్రా అని పేరొచ్చింది. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఏమిటంటే, తయారు చేసేటప్పుడు సోడియం లోహాన్ని ముట్టుకోనే అక్కర్లేదు. ఉప్పు, నికెల్ పొడి కలిపి గోడకి ఒక పక్క నింపుతాం. ఛార్జ్ చేస్తే ఉప్పులోని సోడియం అయానుగా గోడ దాటి అవతలి పక్క లోహమై పోగవుతుంది, క్లోరిన్ నికెల్‌తో కలిసి నికెల్ క్లోరైడ్ అవుతుంది. డిశ్చార్జ్‌లో ఇదంతా వెనక్కి నడుస్తుంది. అంటే ఫ్యాక్టరీలోంచి బయటికి వచ్చే సెల్‌లో సోడియం లోహం ఉండదు, మొదటి ఛార్జ్‌లో అదే పుట్టుకొస్తుంది.

ఇక ఆ గోడ. దాని పేరు బీటా డబుల్ ప్రైమ్ అల్యూమినా. 1916లో బీటా అల్యూమినా అని పేరు పెట్టినవాళ్లు అది అల్యూమినాలోనే, అంటే అల్యూమినియం ఆక్సైడ్‌లోనే, ఇంకో రూపం అనుకున్నారు. అందులో సోడియం ఉందని తర్వాత తేలింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. అల్యూమినియం, ఆక్సిజన్ దట్టంగా పేర్చిన దిమ్మెలు, దిమ్మెకీ దిమ్మెకీ మధ్య ఒక వదులైన అర ఉంటాయి. సోడియం అయాన్లు నడిచేది ఆ అరల్లోనే. ఎలక్ట్రాన్లకు దారి లేదు, కరిగిన లోహానికీ దారి లేదు, ఒక్క సోడియం అయానుకే ఉంది. మామూలు బీటాలో కంటే డబుల్ ప్రైమ్‌లో సోడియం ఎక్కువ పడుతుంది, నడక కూడా వేగం. కానీ డబుల్ ప్రైమ్ రూపం నిలబడాలంటే కొంచెం లిథియమో మెగ్నీషియమో కలపాలి. లేకపోతే కాల్చేటప్పుడు మామూలు బీటాకి జారిపోతుంది.

మా లెక్క ఇది. నూరు గ్రాముల ఆక్సైడ్‌కి అల్యూమినా 90.4 గ్రాములు, సోడా, అంటే సోడియం ఆక్సైడ్, 8.85, లిథియం ఆక్సైడ్ 0.75. సోడాని సోడియం కార్బొనేట్‌గా వేస్తాం కాబట్టి అది 15.1 గ్రాములు, లిథియం కార్బొనేట్ 1.85. దాదాపు అంతా అల్యూమినా, చాకలి సోడా అన్నమాట. మొదటిసారి తూకం వేసినప్పుడు, ఇంత చవక సరుకుతో బ్యాటరీయా అని ఆశ్చర్యపోయాను. సరుకు చవకే. ఖరీదంతా కాల్చడంలో ఉంది.

కలిపిన పొడిని ఆల్కహాల్‌లో బాల్ మిల్‌లో ఒక రాత్రంతా తిప్పి, ఆరబెట్టి, 1250 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చి, మళ్లీ మిల్లులో వేసి మెత్తగా చేస్తాం. పొడిలో ఏ రూపం ఉందో ఎక్స్‌ఆర్‌డీ అనే ఎక్స్‌రే పరీక్షలో చూస్తాం, అందులో 44.5 డిగ్రీల కోణం దగ్గర శిఖరం మామూలు బీటాది, 46 దగ్గరది డబుల్ ప్రైమ్‌ది. రెండిటి ఎత్తులు పోల్చి ఏది ఎంత ఉందో చెబుతాం. మొదటి పొడిలో రెండూ ఉన్నాయి. సార్ ఫర్వాలేదన్నారు, చివరి కాల్పులో మిగతాది మారుతుందట. ఈ దశలో నాకు పెద్ద కష్టాలు రాలేదు. పొడిని పట్టి ఉంచే పీవీఏ బైండర్ కలిపి, డైలో వేసి 25 మిల్లీమీటర్ల పెల్లెట్లు నొక్కి, వాటిని రబ్బరు సంచుల్లో పెట్టి ఐసోస్టాటిక్ ప్రెస్‌లో అన్ని వైపుల నుంచీ సమానంగా ఒత్తిడి ఇచ్చాం. పచ్చి పెల్లెట్ సుద్దముక్కలా ఉంటుంది, గోరు పడితే గీత పడుతుంది.

కాల్చడం దగ్గర మొదలైంది అసలు కథ.

ఈ సిరామిక్ గట్టిపడాలంటే 1600 డిగ్రీల దాకా పోవాలి. ఆ వేడికి సోడా ఆవిరై పోతుంది. సోడియం పోతే డబుల్ ప్రైమ్ పోయి మామూలు బీటా, ఇంకా పోతే ఉత్త అల్యూమినా మిగులుతుంది. అంటే, మనం గట్టిపరచడానికి పెట్టే వేడే మనకు కావాల్సిన గుణాన్ని తినేస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతి పుస్తకంలో ఒక్క వాక్యంలో రాసి ఉంది. ఆ వాక్యం చదివే నేను మొదటి పెల్లెట్‌ని ల్యాబ్‌లో ఉన్న అల్యూమినా క్రూసిబుల్ అనే కాల్చే గిన్నెలో పెట్టి, మూత పెట్టి, 1600 దగ్గర అరగంట ఉంచాను. మూత ఉంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. పైకి లేచిన విస్తరాకు అదే.

సార్ వంగిన ముక్కల్ని చూసి ఒక్కటే అడిగారు. "పెట్టే ముందు తూచావా?"

తూచలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను తూచకుండా ఏ పెల్లెట్‌నీ లోపల పెట్టలేదు. ముందు తూకం, తర్వాత తూకం, బైండర్ పోయినందుకు తగ్గాల్సినంత తగ్గిందా, అంతకంటే ఎక్కువ తగ్గిందా. ఆ ఎక్కువ తగ్గిందే సోడియం. రెండో పెల్లెట్‌లో తగ్గిన బరువు చూస్తే కడుపు తరుక్కుపోయింది. సోడాలో దాదాపు సగం పోయింది. పైపెచ్చు అది గాల్లోకి మాత్రమే పోలేదు. క్రూసిబుల్ కూడా అల్యూమినాయే కదా, ఆకలిగా ఉన్న అల్యూమినా. పెల్లెట్ ఎక్కడ ఆనుకుని ఉందో అక్కడ దాని సోడియాన్ని పీల్చేసుకుంది. కింది పక్క పొడి పొడిగా ఎందుకు రాలిందో, పైపక్క ఎందుకు నునుపుగా ఉందో అప్పుడు తెలిసింది. రెండు పక్కలూ రెండు రకాల పదార్థాలై, రెండు రకాలుగా కుంచించుకుపోతే వంగక ఏం చేస్తుంది.

మెగ్నీషియా క్రూసిబుళ్లు తెప్పించాం. మెగ్నీషియా సోడియం జోలికి పోదు. ప్లాటినమైనా సరిపోతుంది, కానీ మా బడ్జెట్‌కి అది కలలో మాట. క్రూసిబుల్ అడుగున, పెల్లెట్ల చుట్టూ, పైన కూడా అదే కలయిక ఉన్న పొడిని నింపాలి. ల్యాబ్‌లో మేం దాన్ని "తోడు పొడి" అంటాం. ముందు తోడు పొడి తన సోడియాన్ని ఆవిరిగా వదిలి క్రూసిబుల్ లోపలి గాలిని నింపేస్తుంది. గాలి అప్పటికే నిండి ఉంటే పెల్లెట్ తన దాన్ని వదలాల్సిన పని ఉండదు. ఒకసారి వాడిన తోడు పొడిని మళ్లీ వాడాలనిపిస్తుంది, వాడకూడదు. అందులో సోడియం అయిపోయి ఉంటుంది, అది తిరగబడి పెల్లెట్ దగ్గరే లాగుతుంది. ఈ పొరపాటు కూడా చేసి మూడు పెల్లెట్లు పోగొట్టుకున్నాను.

ఫర్నేస్ చూసుకునే అన్న మా అందరికంటే పెద్దాయన. మోలీ రాడ్లు అంటే ఆయనకు ప్రాణం. మోలిబ్డినం డైసిలిసైడ్ హీటర్లవి, యూ ఆకారంలో పైనుంచి వేలాడుతుంటాయి, చల్లగా ఉన్నప్పుడు గాజు కంటే పెళుసు. "అమ్మా, తలుపు తీసి చూడబాకండి. లోపల ఉండేది లోపలే ఉంటాది" అనేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది వేగం సంగతి. బైండర్ కాలిపోయేదాకా, అంటే 600 డిగ్రీల దాకా, నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పున ఎక్కించాలి. పది గంటలు పడుతుంది. ఆ పది గంటల్లో ఏమీ జరగనట్టే ఉంటుంది, మనిషికి విసుగొస్తుంది. విసుగొచ్చి వేగం పెంచిన రోజు పెల్లెట్ పొట్టలో గాలి బుడగ మిగిలిపోతుంది. ఆ తర్వాత నిమిషానికి నాలుగైదు డిగ్రీలు ఎక్కించొచ్చు.

పైన ఎంతసేపు ఉంచాలన్నది ఇంకో చిక్కు. నేను మొదట్లో, ఎక్కువసేపు ఉంటే ఎక్కువ గట్టిపడుతుందని 1620 దగ్గర గంట ఉంచాను. పెల్లెట్ వంగలేదు, పగుళ్లు లేవు, చూడ్డానికి ఎంతో బాగుంది. పరీక్ష కోసం ఒకటి విరగ్గొడితే విరుపు దగ్గర కలకండ ముక్కలా తళుక్కుమంది. నాకు సంతోషమేసి సార్‌కి చూపించాను. ఆయన ముఖం మారిపోయింది. అలా మెరిసిందంటే రేణువులు పెద్దవైపోయాయని అర్థం. మామూలుగా కొన్ని మైక్రాన్లు ఉండాల్సిన రేణువు పక్కవాటిని మింగి వంద మైక్రాన్లు దాటిపోతుంది, కంటికి కనబడేంత. పగులు ఒకసారి మొదలైతే అలాంటి పెద్ద రేణువు అంచు వెంబడి అడ్డూ ఆపూ లేకుండా పరుగెత్తుతుంది. చిన్న రేణువులైతే అడుగడుగునా దారి మారాల్సి వస్తుంది. అందుకని పైన 1600 దగ్గర పదిహేను నిమిషాలు మాత్రమే ఉంచి, వెంటనే 1400కి దించి, అక్కడ గంట సేపు నిలిపాం. మిగిలిన మామూలు బీటా డబుల్ ప్రైమ్‌గా మారేది ఆ గంటలోనే.

25 మిల్లీమీటర్ల పెల్లెట్ కాలి బయటికొచ్చేసరికి 20.7 అవుతుంది. సాంద్రత ఆర్కిమిడీస్ పద్ధతిలో కొలుస్తాం, నీళ్లలో కాదు, ఆల్కహాల్‌లో. పూర్తిగా గట్టిపడితే ఘన సెంటీమీటరుకు 3.26 గ్రాములు రావాలి. మొదట్లో 3.05 వచ్చింది. కాల్చే తీరు కుదిరాక 3.21. ఎర్ర రంగు కలిపిన ఆల్కహాల్ ఒక పక్క పూసి, రెండో పక్క తెల్ల కాగితం పెట్టి ఒక గంట చూస్తాం. కాగితం తెల్లగానే ఉంటే పెల్లెట్ పాసైనట్టు. మొదటిసారి కాగితం తెల్లగా ఉన్న రోజు దాన్ని మడిచి నా నోట్‌బుక్‌లో పెట్టుకున్నాను, ఇప్పటికీ ఉంది.

అప్పుడే 2021 నవంబరు వానలు వచ్చాయి. తిరుపతిలో ఉన్నవాళ్లెవరూ ఆ వారాన్ని మరిచిపోలేరు. వీధుల్లో నీళ్లు, తిరుమల మెట్ల దారిలో వాగులా వరద. ఆ సాయంత్రం మా ఫర్నేస్ 1100 దగ్గర ఎక్కుతూ ఉంది, కరెంటు పోయింది. రాత్రంతా నాకు టెన్షన్, రాడ్లు ఏమయ్యాయో, పెల్లెట్లు ఏమయ్యాయో అని. రెండు రోజుల తర్వాత ల్యాబ్‌కి వెళ్లి చూస్తే రాడ్లకు ఏమీ కాలేదు. మూసి ఉన్న ఫర్నేస్ తనంతట తాను నెమ్మదిగా చల్లారింది, పెల్లెట్లు కూడా పగల్లేదు. చెడింది నేను పట్టించుకోని చోట. కాల్చి మిల్లు చేసి పెట్టుకున్న అర కిలో పొడి, సరిగ్గా బిగించని డబ్బాలో ఉండిపోయింది. గడ్డలు కట్టింది.

ఈ పదార్థం తడిని తాగుతుంది. సోడియం నడిచే ఆ వదులు అరల్లోకే నీరు కూడా దూరుతుంది. పైన ఉన్న సోడియం గాల్లోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి మళ్లీ కార్బొనేట్ అవుతుంది. గడ్డల్ని నలిపి జల్లెడ పట్టి వాడేద్దామనుకున్నాను. అలా నొక్కిన ఆరు పెల్లెట్లూ కాలేసరికి బొబ్బలెక్కాయి. పొడిని మళ్లీ మొదటినుంచీ కాల్చాల్సి వచ్చింది. కాలిన పెల్లెట్లకూ అదే జాగ్రత్త. డెసికేటర్‌లో దాచినవాటిని కూడా వాడే ముందు 800 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, వేడి పోకముందే గాలి, తేమ చొరబడని గ్లవ్ బాక్స్‌లోకి పంపేవాళ్లం. మన వైపు ఎండాకాలం పెద్ద బాధ అంటారు గానీ, ఈ పనికి ఏప్రిల్, మే నెలలే మేలు. నవంబరు, డిసెంబరు నెలల్లో కొత్త పొడి చేయకూడదని నేను నియమం పెట్టుకున్నాను.

పెల్లెట్లు కుదిరాక గొట్టం చేసి చూడాలనిపించింది. ఫ్యాక్టరీల్లో చేసేది గొట్టాలే. ఉక్కు కడ్డీ చుట్టూ రబ్బరు సంచిలో పొడి నింపి, ఒత్తిడితో నొక్కి, కడ్డీ లాగేసి, ఒక కొస మూసి ఉన్న గొట్టాన్ని నిలబెట్టి కాలుస్తారు. జీబ్రా సెల్‌లో కొన్నిటికి గొట్టం అడ్డుకోత నాలుగు రేకుల పువ్వులా ఉంటుంది, సోడియం దాటడానికి ఎక్కువ వైశాల్యం దొరకాలని. మేం మామూలు గుండ్రటి గొట్టమే, అరచేతి పొడవుది చేశాం. మూడు వారాలు పట్టింది. కాలి బయటికొచ్చింది, నిటారుగా ఉంది, రంగు పరీక్ష పాసైంది. బెంచీ మీద పెట్టి స్పానర్ అందుకోబోతే మోచెయ్యి తగిలింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు. ఆ సాయంత్రం నేను ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత మళ్లీ పెల్లెట్లకే వచ్చేశాం.

పెల్లెట్‌ని ఒక ఆల్ఫా అల్యూమినా రింగుకి గాజుతో అతికించాలి. గాజు ముద్ద పూసి వెయ్యి డిగ్రీల దగ్గర కరిగించి, నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున చల్లార్చాలి. గాజులో సిలికా ఎక్కువైతే వేడి సోడియం దాన్ని తినేసి నల్లగా చేస్తుంది. వ్యాకోచం సరిపోకపోతే చల్లారేటప్పుడే చిట్లిపోతుంది. ఇది సార్ స్నేహితుడొకరు ఇచ్చిన గాజు పొడితో మూడో ప్రయత్నంలోనే కుదిరింది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఆ తర్వాతి పని నాకు కొత్త. సోడియం ఉండాల్సిన పక్క సిరామిక్‌ను సోడియం తడపదు, తామరాకు మీద నీటి బొట్టులా గుండ్రంగా కూర్చుంటుంది. దానికి విరుగుడుగా ఆ పక్క లెడ్ ఎసిటేట్ ద్రావణం పలచగా పూసి, ఆర్గాన్‌లో 400 డిగ్రీలకు వేడి చేస్తే సన్నటి సీసం పొర మిగులుతుంది. దాని మీద సోడియం చక్కగా పరుచుకుంటుంది. పూస్తుంటే మామ గుర్తొచ్చాడు. ఆ రాత్రి ఫోన్ చేసి, "మామా, దీంట్లో కూడా కొంచెం సీసం ఉంది" అని చెప్పాను. ఆయన ఎంత సంతోషించాడో.

ఉప్పు పక్క నికెల్ పొడి, ఆరబెట్టిన ఉప్పు, చిటికెడు అల్యూమినియం పొడి కలిపి, నొక్కి, నలిపి గింజలుగా చేస్తాం. అల్యూమినియం మొదటి ఛార్జ్‌లోనే ఉప్పుతో కలిసి అదనంగా కొంచెం సోడియం పుట్టిస్తుంది, అది సోడియం పక్క నిల్వగా ఉండిపోతుంది. గింజల మధ్య ఖాళీల్లో కరిగిన సోడియం క్లోరో అల్యూమినేట్ పోయాలి. అది 157 డిగ్రీల దగ్గర కరిగే లవణం, గోడకీ గింజలకీ మధ్య సోడియం అయాన్లను చేరవేసేది అదే. దాన్ని గ్లవ్ బాక్స్‌లోనే ఉప్పు, అల్యూమినియం క్లోరైడ్ కలిపి కరిగించి చేశాం. తొందరపడి వేడి పెంచితే అల్యూమినియం క్లోరైడ్ తెల్లటి పొగలా లేచి గ్లవ్ బాక్స్ అద్దాన్నంతా మసక చేసేస్తుంది. అద్దం తుడవడానికి నాకు ఒక పూట పట్టింది.

మా సెల్‌లో ఉప్పు 0.4 గ్రాములు. లెక్కకు 183 మిల్లీ ఆంపియర్ అవర్లు రావాలి. మొదటి సెల్ వేడెక్కుతుండగానే గాజు అతుకు దగ్గర చిట్లింది. రెండో సెల్‌ని 280 డిగ్రీల దగ్గర నిలబెట్టి, 5 మిల్లీ ఆంపియర్లతో నెమ్మదిగా ఛార్జ్ చేశాం. వోల్టేజీ 2.8 దాటనివ్వలేదు, ఎందుకంటే 3.05 దగ్గర ఉప్పు అయిపోయి లవణం విడిపోవడం మొదలవుతుంది. మర్నాడు పొద్దున ఛార్జింగ్ ఆపి చూస్తే మీటర్ 2.6 చూపించి, నెమ్మదిగా దిగి 2.58 దగ్గర ఆగింది. పది నిమిషాలు చూశాను, కదల్లేదు. నికెల్, ఉప్పు జంటకు పుస్తకాల్లో రాసి ఉండే అంకె అదే. ఇనుము కలిసి ఉంటే 2.35 దగ్గర ఇంకో మెట్టు కనబడేది, లేదు. సార్‌ని పిలవడానికి లేచాను గానీ, ఒక నిమిషం అక్కడే నిలబడిపోయాను.

20 మిల్లీ ఆంపియర్లతో 150 మిల్లీ ఆంపియర్ అవర్ల దాకా వచ్చింది. ఇరవై మూడు సైకిళ్లు బాగా నడిచింది. ఇరవై నాలుగో సైకిల్‌లో వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయి సున్నాకి వచ్చింది. పొగ రాలేదు, సెల్ బయటి వేడి కూడా రెండు మూడు డిగ్రీలకు మించి పెరగలేదు. చల్లార్చి గ్లవ్ బాక్స్‌లో విప్పాం. పెల్లెట్‌లో అంచు నుంచి మధ్యకు ఒక వెంట్రుక పగులు. పగులు వెంబడి తెల్లటి ఉప్పు, దాని మధ్యలో బూడిద రంగు లోహపు గీత. పగులులోంచి కారిన సోడియం క్లోరో అల్యూమినేట్‌ని తాకి ఉప్పుగా, అల్యూమినియంగా మారిపోయింది. ఆ అల్యూమినియమే పగులుకు అడ్డంగా తీగలా నిలబడి రెండు పక్కల్నీ కలిపేసింది.

మిగిలిన సోడియాన్ని, లవణాన్ని పూర్తిగా తీసేసి, శుభ్రం చేసి ఆరబెట్టిన ఒక ముక్కను చిన్న డబ్బాలో పెట్టుకుని ఆదివారం మామ ఇంటికి వెళ్లాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు. గోటితో గీత మీద గీరాడు.

"ఇది సీసం కాదు" అన్నాడు.

"అల్యూమినియం మామా. ఆ రోజు అడిగినావే, గోడ పగిలితే ఏమైతాదని. ఇదే అయ్యేది."

"వోల్టేజీ?"

"సున్నా."

"కరెంటు పోతాదా దాంట్లోంచి?"

"పోతాది. తీగ మాదిరి."

ఆయన ఇంకోసారి చూశాడు. వాళ్ల ఫ్యాక్టరీలో వరసగా కలిపిన బ్యాంక్‌లో ఒక్క సెల్ లోపల తెగిపోతే మొత్తం బ్యాంక్ ఆగిపోతుంది, ఏ సెల్ తెగిందో వెతుక్కోవాలి.

"అంటే ఒకటి పోయినా పక్కవి ఆగవు" అన్నాడు.

"ఆగవు. దాని రెండున్నర వోల్టులు తగ్గుతాయి, అంతే."

డబ్బా మూత పెట్టి నా చేతికిచ్చి, "మళ్లా ఎప్పుడు కాలుస్తావు?" అని అడిగాడు.

"శుక్రవారం. ఆరు పెల్లెట్లు."

"తూచినావా?"